బడి మిత్రుల బృందం: పింక్ ఫ్లాయిడ్ యాభై ఏళ్ల కథ

ఎక్కడో ఇంగ్లండ్‌లోని ఒక రాక్ సంగీత బృందం చరిత్రకు మన స్వర్ణోత్సవ సంచికలో చోటేమిటని కొందరికైనా అనిపించవచ్చు. పింక్ ఫ్లాయిడ్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది నల్లటి అట్ట మీద గాజు పట్టకం, అందులోంచి బయటికొచ్చే రంగుల పట్టీ. సైన్సు మాస్టార్లు లెక్కపెట్టి చూస్తే అందులో ఉన్నవి ఆరు రంగులే, ఏడు కావు! ఆ అట్టకు వెనక ఉన్నది మాత్రం ఒకే ఊరి కుర్రాళ్ల బడి స్నేహాలు. ఆ బృందం కీర్తికీ, కలహాలకూ, దాని అన్నిటికన్నా మంచి పాటలకూ మూలం అక్కడే ఉంది. ముఖ్యంగా, మధ్యదారిలో తప్పిపోయిన ఒక స్నేహితుడి దగ్గర ఉంది.

కేంబ్రిడ్జ్ కుర్రాళ్లు

కేంబ్రిడ్జ్ అనగానే మనకు విశ్వవిద్యాలయమే తడుతుంది. మన కథ మాత్రం అక్కడి హిల్స్ రోడ్డు మీద ఉన్న ఒక మగపిల్లల హైస్కూలులో మొదలవుతుంది. 1943లో పుట్టిన రోజర్ వాటర్స్, 1946లో పుట్టిన రోజర్ కీత్ బారెట్ ఆ బడిలోనే చదివారు. బారెట్‌ను అందరూ ‘సిడ్’ అనేవారు. వాటర్స్ తండ్రి బడిపంతులు. రెండో ప్రపంచయుద్ధంలో, 1944 ఫిబ్రవరిలో, ఇటలీలోని ఆంజియో వద్ద చనిపోయాడు. అప్పటికి కొడుక్కి అయిదు నెలలు. తల్లి మేరీ కూడా ఉపాధ్యాయురాలే. చిన్నతరగతుల్లో సిడ్‌కు పాఠాలు చెప్పింది ఆవిడే. సిడ్‌కు పదహారేళ్లు నిండకముందే అతని తండ్రి కూడా పోయాడు.

అదే బడిలో చదివిన మరో కుర్రాడు స్టార్మ్ థోర్గర్సన్. పెద్దయ్యాక పింక్ ఫ్లాయిడ్ రికార్డుల అట్టలు చాలావాటిని తీర్చిదిద్దింది, ఆ పట్టకం అట్టను తెచ్చిన హిప్నోసిస్ సంస్థను నడిపింది ఇతనే. అదే ఊళ్లో పెర్స్ స్కూలు విద్యార్థి డేవిడ్ గిల్మర్. తర్వాత స్థానిక కళాశాలలో సిడ్, గిల్మర్ కలిశారు. మధ్యాహ్న భోజన విరామాల్లో కలిసి గిటార్ సాధన చేశారు. 1965 వేసవిలో దక్షిణ ఫ్రాన్సుకు వెళ్లి వీధుల్లో పాడారు.

వాటర్స్ లండన్‌లోని రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో ఆర్కిటెక్చర్ చదవడానికి చేరాడు. అక్కడి సహాధ్యాయులే డ్రమ్స్ వాయించే నిక్ మేసన్, కీబోర్డు వాయించే రిచర్డ్ రైట్. 1964లో చిత్రకళ చదవడానికి లండన్ వచ్చిన సిడ్ వాళ్లతో కలిశాడు. పింక్ ఆండర్సన్, ఫ్లాయిడ్ కౌన్సిల్ అనే ఇద్దరు అమెరికన్ బ్లూస్ కళాకారుల పేర్లలోని మొదటి భాగాలు కలిపి బృందానికి ఆ పేరు పెట్టిందీ అతనే.

మూడు నిమిషాల కట్టుబాటు

ఆ రోజుల్లో పాశ్చాత్య పాప్ పాట అంటే మూడు నిమిషాల సరుకు. పల్లవి, చరణం, అంతే. 1966 డిసెంబరులో లండన్‌లో మొదలైన యూఎఫ్‌ఓ క్లబ్బులో వీళ్లు ఆ కట్టుబాటును పక్కన పెట్టారు. వెనక తెర మీద రంగుల వెలుగులు కదులుతుంటే ఒక్కో వాద్యగానం చాలాసేపు సాగేది. సిడ్ సిగరెట్ లైటర్‌ను గిటార్ తీగల మీద జార్చి, ఆ ధ్వనిని ప్రతిధ్వని యంత్రంలోంచి పంపేవాడు. 1967 మేలో క్వీన్ ఎలిజబెత్ హాల్ కచేరీలో రైట్ ఒక చిన్న చేతిపిడి కదిపితే ధ్వని హాలు నాలుగు మూలలకూ తిరిగింది. పాట కట్టడంతో పాటు శబ్దాన్నే ముడిసరుకుగా తీసుకోవడం వీళ్ల ప్రయోగం. తర్వాత ప్రోగ్రెసివ్ రాక్ అని పిలిచిన ధోరణిలో వీళ్లకంటూ ఒక దారి ఏర్పడింది ఇక్కడే.

1967 ఆగస్టులో మొదటి ఆల్బమ్ ‘ది పైపర్ ఎట్ ది గేట్స్ ఆఫ్ డాన్’ వచ్చింది. పాటల్లో ఎక్కువ భాగం సిడ్ రాసినవే. ఆ ఏడాది చివరికే అతను చెయ్యి దాటిపోయాడు. ఎల్‌ఎస్‌డి అనే మత్తుమందు వాడకం, మనసు పట్టుతప్పడం రెండూ కలిశాయి. వేదిక మీద గిటార్ మెడలో వేసుకుని వాయించకుండా నిలబడిపోయేవాడు. ఆసరాగా ఉంటాడని పాతమిత్రుడు గిల్మర్‌ను తీసుకొచ్చారు. 1968 జనవరిలో కొద్ది రోజులు అయిదుగురూ కలిసి వాయించారు. ఆ నెలాఖరులో సౌతాంప్టన్‌లో కచేరీ. బయల్దేరుతూ, దారిలో సిడ్‌ను ఎక్కించుకోవాలా అన్న ప్రశ్న వచ్చింది. వద్దులే అనుకున్నారు. కారు అతని ఇంటివైపు వెళ్లలేదు.

పోట్లాట లేదు, వీడ్కోలూ లేదు. అప్పటికి వాళ్లలో ఎవరికీ పాతికేళ్లు నిండలేదు. మానసిక అనారోగ్యాన్ని ఎలా అర్థం చేసుకోవాలో చెప్పేవాళ్లు ఆ సంగీత వ్యాపారంలో లేరు. వాళ్లను తప్పుపట్టడం తేలిక. అయితే 1970లో వచ్చిన సిడ్ సొంత ఆల్బమ్‌లు రెండింటికీ వెనక నిలబడి పని చేసినవాళ్లలో గిల్మర్, వాటర్స్, రైట్ ఉన్నారని కూడా గుర్తుంచుకోవాలి. ఆ తర్వాత సిడ్ సంగీతం మానేసి, కేంబ్రిడ్జ్‌లోని అమ్మ ఇంటికి చేరాడు.

గ్రాఫు కాగితం, రూళ్లకర్ర

పాటలు రాసేవాడు వెళ్లిపోయాక మిగిలినవాళ్లు ఏం చేయాలి? తమకు తెలిసిన చదువునే వాడుకున్నారు. 1968లో ‘ఎ సాసర్‌ఫుల్ ఆఫ్ సీక్రెట్స్’ అనే దీర్ఘ వాద్యరచనను వాటర్స్, మేసన్ భవనం ప్లాను గీసినట్టు ఎత్తుపల్లాల గీతలతో కాగితం మీద గీశారు. 1970లో ‘ఆటమ్ హార్ట్ మదర్’లో రికార్డు ఒకవైపంతా బాకాల బృందంతో, గాయక సమూహంతో నింపారు. 1971లో వచ్చిన ‘ఎకోస్’ ఇరవై మూడు నిమిషాలు సాగుతుంది. పియానో మీద ఒకే ఒక్క స్వరం, నీటిబొట్టు పడ్డట్టు, దానికి ఆరంభం. అదే ఏడాది అక్టోబరులో ఇటలీలోని పాంపేయి శిథిలాల మధ్య, ప్రేక్షకులే లేని ప్రాచీన రంగస్థలంలో వాయించి సినిమా తీయించుకున్నారు.

ఈ సాధన ఫలించింది 1973 మార్చిలో వచ్చిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’తో. కాలం, డబ్బు, చావు, మతి తప్పడం – వస్తువులు ఇవే. ‘మనీ’ పాట మొదట్లో వినిపించే నాణేల గలగలలు టేపు ముక్కలను రూళ్లకర్రతో కొలిచి, కోసి, అతికించి చేసినవి. ఆ పాట నడక ఏడు దెబ్బలది. నాలుగుకే అలవాటుపడ్డ రాక్ శ్రోతకు అది వింత. మిశ్రచాపు ఎరిగిన మనవాళ్లకు మాత్రం పాత చుట్టమే. ఆ ఆల్బమ్ 1973 నుంచి 1988 దాకా అమెరికాలోని బిల్‌బోర్డ్ పట్టికలో మొత్తం 741 వారాలు నిలిచింది.

1975 జూన్ 5

కీర్తి వచ్చింది, డబ్బు వచ్చింది. తర్వాత ఏం చేయాలో తోచలేదు. వాద్యాలు లేకుండా ఇంటి సామాన్లతోనే ఒక ఆల్బమ్ చేద్దామని కొంతకాలం రబ్బరు బ్యాండ్లతో, గాజు గ్లాసులతో కుస్తీపట్టి వదిలేశారు. మన జలతరంగంలో నీళ్ల గిన్నెలను పుల్లలతో కొడతారు. వీళ్లు తడివేలితో గ్లాసుల అంచును రాశారు. ఆ గ్లాసుల నాదం మాత్రం వృథా పోలేదు. ‘షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్’ అనే తొమ్మిది భాగాల రచనకు అదే ఆరంభమైంది. ఆ రచన సిడ్ గురించి.

1975 జూన్ 5న ఆబీ రోడ్ స్టూడియోలో ఆ పాట మీదే పని జరుగుతోంది. లావుపాటి మనిషి ఒకడు లోపలికొచ్చి నిలబడ్డాడు. నున్నగా గీసిన గుండు, కనుబొమలు కూడా గీసేసి ఉన్నాయి. స్టూడియో సిబ్బందిలో ఎవరో అనుకున్నారు. చాలాసేపటికి గాని అతను సిడ్ అని పోల్చుకోలేకపోయారు. వాటర్స్ ఏడ్చాడు. ఎవరి కోసం ఆ పాట కట్టారో అతను ఎదురుగా నిలబడితే కట్టినవాళ్లకే ఆనవాలు చిక్కలేదు. అయిదుగురూ ఒకచోట చేరడం అదే చివరిసారి. ఆ సెప్టెంబరులో వెలువడిన ఆల్బమ్ పేరు ‘విష్ యూ వర్ హియర్’. నువ్వు కూడా ఇక్కడుంటే బాగుండేది అని.

బడి మీద పాట, బడిలోంచి పాట

ఉపాధ్యాయులకు ఈ బృందం మీద ఫిర్యాదు ఉండటం సహజం. 1979 నవంబరులో వచ్చిన ‘ది వాల్’ ఆల్బమ్‌లో చదువు మాకొద్దు అనే పాటే వాళ్ల పాటలన్నిటిలో ఎక్కువమందికి తెలిసినది. పైగా పల్లవిలో వ్యాకరణం కూడా తప్పే. తండ్రి మరణం, తల్లి అతిజాగ్రత్త, పిల్లలను అవమానించే పంతులు – ఒక్కో గాయం ఒక్కో ఇటుకై మనిషి చుట్టూ గోడ కడుతుందన్నది ఆ ఆల్బమ్ సారం. రాసిన వాటర్స్ ఇద్దరు ఉపాధ్యాయుల కొడుకు.

ఆ పాటకు ప్రాణం పోసిన పిల్లల గొంతులు ఎక్కడివి? స్టూడియోకు దగ్గర్లోని ఇస్లింగ్టన్ గ్రీన్ స్కూలు విద్యార్థులవి. అక్కడి సంగీతం మాస్టారు అలన్ రెన్షా ఇరవై మూడు మందిని తీసుకెళ్లి పాడించాడు. వాళ్ల గొంతులనే మళ్లీమళ్లీ ఒకదాని మీద ఒకటి చేర్చి పెద్ద సమూహంలా వినిపించారు. పాటలోని మాటలు తెలిశాక ప్రధానోపాధ్యాయురాలు పిల్లలు టీవీలో కనబడటానికి ఒప్పుకోలేదు. బడికి 1000 పౌండ్లు ముట్టాయి. పిల్లలకు రావలసిన వాటా కోసం, చాలా ఏళ్ల తర్వాత, వాళ్లలో కొందరు అడగవలసి వచ్చింది. గురువును నిందించే పాట ఒక గురువు చొరవ లేనిదే అలా తయారయ్యేది కాదు. 1980లో దక్షిణాఫ్రికాలో నల్లజాతి విద్యార్థులు వివక్షతో కూడిన చదువుకు వ్యతిరేకంగా ఆ పాటనే ఎత్తుకుంటే, అక్కడి ప్రభుత్వం దాన్ని నిషేధించింది. వాళ్లు వద్దన్నది చదువును కాదు, తక్కువరకం చదువును.

గోడ ఇటుపక్క

గోడ గురించి పాడినవాళ్ల మధ్యే గోడ లేచింది. ఆ ఆల్బమ్ తయారవుతుండగానే రైట్‌ను వాటర్స్ బయటికి పంపాడు. తర్వాతి కచేరీల్లో రైట్ జీతానికి వాయించాడు. ఆ కచేరీలు నష్టపోతే అందులో నష్టపోనివాడు అతనొక్కడే! 1985లో వాటర్స్ వెళ్లిపోయాడు. అతను లేకుండా ఆ పేరు ఎవరు వాడుకోవాలన్న తగాదా న్యాయవాదుల దాకా పోయి, 1987 చివర్లో రాజీ కుదిరింది. గిల్మర్, మేసన్ ఆ పేరుతో కొనసాగారు, రైట్ తిరిగొచ్చాడు. ‘ది డివిజన్ బెల్’ 1994లో, చివరి ఆల్బమ్ ‘ది ఎండ్లెస్ రివర్’ 2014లో వచ్చాయి.

2005 జూలై 2న, పేదదేశాల కోసం లండన్ హైడ్ పార్కులో జరిగిన ‘లైవ్ 8’ కచేరీలో నలుగురూ ఇరవై నాలుగేళ్ల తర్వాత ఒకే వేదిక ఎక్కారు. ‘విష్ యూ వర్ హియర్’ పాడబోతూ, ఇక్కడ లేని అందరి కోసం, ముఖ్యంగా సిడ్ కోసం అని వాటర్స్ చెప్పాడు. సిడ్ అప్పుడు కేంబ్రిడ్జ్‌లో మళ్లీ రోజర్ బారెట్‌గా, బొమ్మలు వేసుకుంటూ, తోటపని చేసుకుంటూ ఉన్నాడు. అతని పాటల మీద వచ్చే డబ్బు అతనికి చేరేలా గిల్మర్ చూసేవాడు. ఏడాది తర్వాత, 2006 జూలై 7న, అరవయ్యో ఏట సిడ్ పోయాడు. 2008 సెప్టెంబరులో రైట్ కూడా వెళ్లిపోయాడు.

ఈ చరిత్రలో గొప్ప స్నేహం ఉందని అనలేం. తోడు తీసుకెళ్లని కారు ఉంది, ముఖం పోల్చుకోలేని మధ్యాహ్నం ఉంది, లాయర్ల నోటీసులు ఉన్నాయి. అయినా ఆ నలుగురూ సిడ్ పేరును పక్కన పెట్టేయలేదు. అతను లేని లోటును దాచకుండా దాని చుట్టూనే తమ మేలైన సంగీతాన్ని కట్టారు. యాభై ఏళ్ల పండుగకు మనం జాబితాలు తయారు చేస్తున్నప్పుడు కొన్ని పేర్ల ఎదుట చిరునామా గడి ఖాళీగా మిగులుతుంది. వాళ్లు ఒకప్పుడు మన బెంచీలో కూర్చున్నవాళ్లే. ఉత్తరం వేసి ఊరుకోకుండా, ఇంకా వీలుండగానే, ఎవరైనా ఒకసారి వాళ్ల ఇంటిదాకా వెళ్లిరావడం మంచిది.