ఆవ్దో పాట

హోమరు కావ్యములు వ్రాఁతలోఁ బుట్టినవా, పాటలోఁ బుట్టినవా యను వివాదము పాశ్చాత్యపండితులలోఁ జిరకాలము సాగినది. మిల్మన్ ప్యారీ యను నమెరికా యాచార్యుఁడు దానిని సజీవులగు గాయకులయొద్దఁ బరీక్షింపఁగోరి 1933లో యుగోస్లావియాకుఁ బోయెను. అచ్చటిది పరభాష. నికోలా వుయ్‌నోవిచ్ అను దేశీయుఁడు తోడై ప్రశ్నలడిగి పాటలు వ్రాసికొనువాఁడు.

1935లో బియెలో పోల్యె యను నూర ఆవ్దో మెజెదోవిచ్ కనఁబడెను. కసాయివాఁడు, అక్షరము రాదు, గొంతు బొంగురు, గుస్లె యను ఒంటితీఁగ కమానువాద్యమందును సామాన్యుఁడే. ప్యారీ యొక యుపాయము పన్నెను. ఆవ్దో యెన్నఁడు నెఱుఁగని కథను వేఱొక గాయకునిచే నతని యెదుటనే పాడించి, ముగిసినంతనే నీవును బాడఁగలవా యని యడిగెను. మొదటివాని పాట 2,294 చరణములు. ఆవ్దో పాట 6,313! ఇది కంఠస్థము నప్పగించుట గాదు. పాత్రల మనస్సులను, వర్ణనలను బెంచుచు నప్పటికప్పుడు కట్టుట. పల్నాటి వీరకథ పాడువారిని నిరక్షరులని చిన్నచూపు చూచు పండితులకు ఈ లెక్క చేఁదుగనే యుండును. అతఁడు చెప్పి వ్రాయించిన స్మాయిలగిచ్ మెహో వివాహగాథ 12,000 చరణములు దాఁటినది.

ఆ డిసెంబరులోనే ప్యారీ ముప్పదిమూఁడేండ్ల ప్రాయమునఁ దుపాకి పేలి మరణించెను. శిష్యుఁడు ఆల్బర్టు లార్డు పని సాగించి 1960లో గ్రంథము వెలువరించెను. పాటల నెక్కించిన అల్యూమినియము పలకలు హార్వర్డులో నున్నవి.