పూటకూటి యిల్లు – సరకు తెచ్చువాఁడు

పూటకూటి యింటి పేరు వంటవాని చేతిలో నున్నదని మనము తలఁతుము. అందు సగమే నిజము. తక్కిన సగము వేకువను పాలకుండ దించువాని చేతిలోను, కట్టెలబండి తోలుకొని వచ్చువాని చేతిలోను ఉన్నది.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరమున చెన్నపట్టణము నుండి కాశికి బయలుదేఱి కడప, అహోబిలము, శ్రీశైలముల మీఁదుగా సాగిరి. 1838లో అచ్చయిన వారి ‘కాశీయాత్ర చరిత్ర’లో ఏ మజిలీయందు అంగళ్లు గలవో, ఏ వస్తువులు దొరకునో శ్రద్ధతో వ్రాయఁబడినది. బాటసారి భోజనము అంగడితోనే మొదలగునని వారెఱుఁగుదురు.

ఈ సత్యమునే ధాత కఱవు మన సీమకుఁ గఠినముగా నేర్పినది. 1876–78 నాఁటికి కర్నూలు పట్టణమునకు రైలు లేదు. ధాన్యము దూరపు స్టేషనులకు వచ్చినను, మేఁత లేక యెద్దులు చావఁగా బండ్లు కదలవయ్యెను. 1871, 1881 జనాభా లెక్కల నడుమ జిల్లా జనములో సుమారు నాలుగవ వంతు తగ్గెను. గంజి కాచువారున్నను కుండలోనికి గింజ రావలెను గదా!

తరువాతి కాలమున రైలు వచ్చినది. 1882లో దొరతనమువారు కంపెనీవారి నుండి కొనిన కర్నూలు–కడప కాలువ క్రింద వరి పండినది. అయినను మెట్టసీమలో వాన నమ్మరానిది. వాన తప్పిన యేఁట హోటలువానికి మిగులునది మనుష్యుల నమ్మకమే.

ఇందుకు నేను కన్నులారఁ జూచిన నిదర్శన మొకటి కలదు. కర్నూలులో ఒకే వీథిలో రెండు హోటళ్లుండెడివి. ఒక యజమాని వారము తిరుగకుండ పాలవాని బాకీ తీర్చెడివాఁడు. రెండవ యాయన “రేపు రమ్ము” అనెడివాఁడు. ఆ రేపు నెలలు గడచినను వచ్చెడిది కాదు. ఒక వేసవిలో ఎనుములు వట్టిపోయినవి. పాలవాఁడు మొదటి యాయనకు ముందునాఁడే కబురంపెను: “అయ్యా, రేపు సగమే పోయఁగలను.” ఆయన మజ్జిగ కొంత తగ్గించి, పెరుఁగు చిక్కగానే వడ్డించెను. రెండవచోట కుండ నిండుగానే దిగెను, నిండినది నీటితో. నేనక్కడ కాఫీ త్రాగి, ఆ హోటలు పేరు నీళ్లపాలైనదని యెఱిఁగితిని.

పాలవానిది తప్పు కాదనను. కాని బాకీ పెట్టినవాఁడు నిజము చెప్పుమని యెట్లడుగఁగలఁడు? వేళకు డబ్బిచ్చినవానికి వేళకు సరకే కాదు, వేళకు నిజము కూడ అందును. విస్తరి ముందు కూర్చున్న యతిథికి దక్కునది ఆ నిజమే.