బుగులు, బాకీ, బైలా

జనగామ జిల్లా చిల్పూర్ గుట్ట మీది దేవుడిని బుగులు వెంకటేశ్వరస్వామి అంటారు. తెలంగాణ మాటల్లో బుగులంటే దిగులు, భయం. పెళ్లి కోసం కుబేరుడి దగ్గర చేసిన అప్పు ఎట్లా తీర్చాలో తోచక స్వామి ఈ గుట్ట మీదికి వచ్చి తపస్సు చేశాడని స్థలపురాణం. తిరుపతిలో ఆయన వడ్డీకాసులవాడు, ఇక్కడ మాత్రం బాకీపడ్డవాడు. అప్పు గురించి బెంగపడే దేవుణ్ణి ఊహించుకున్న జనానికి అప్పంటే ఏమిటో బాగానే తెలిసి ఉండాలి.

తెలుసు కూడా. నిజాం కాలంలో ఈ చుట్టుపక్కల పేదవాడి బతుకు దొర లెక్కలో ఉండేది. నాగు కింద తెచ్చుకున్న గింజలు, అప్పు కింద ఏళ్ల తరబడి పనిచేసే భగేలాలు, కూలి లేని వెట్టి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోవడంతో రాజుకున్న పోరాటం 1951 అక్టోబరులో విరమణ అయ్యేదాకా సాగింది. దాన్ని భూమి కోసం జరిగిన పోరాటంగా చదువుకుంటాం, అది నిజమే. కానీ దాని కింద ఇంకో ప్రశ్న కూడా ఉంది: లెక్క ఎవరి చేతిలో ఉంటుంది, దాన్ని తిరగేసి చూసే హక్కు ఎవరికి ఉంటుంది?

కంపెనీ కల్చర్ గురించి మాట్లాడాల్సి వస్తే మా సాఫ్ట్‌వేర్ వాళ్లం వెంటనే సిలికాన్ వ్యాలీ వైపు చూస్తాం. చేరిన మొదటి రోజే చూపించే స్లైడ్‌లో నిజాయితీ, పారదర్శకత, ఓనర్‌షిప్ అని ఉంటాయి. ఆ మూడు మాటలకూ అర్థం చెప్పగల సంస్థ ఒకటి చిల్పూర్‌కి మరీ దూరం కాని ములుకనూరులో ఉంది. పోరాటం ఆగిన ఐదేళ్లకు, 1956లో, అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి చొరవతో అక్కడ సహకార గ్రామీణ పరపతి, మార్కెటింగ్ సంఘం మొదలైంది. అప్పు ఇవ్వడంతో దాని పని అయిపోదు. విత్తనం, ఎరువు సంఘమే అందిస్తుంది. పండిన వడ్లనూ పత్తినీ సంఘమే కొంటుంది, తన మిల్లుల్లో ఆడిస్తుంది. బాకీ పంట సొమ్ములోంచి తీరుతుంది. అప్పిచ్చినవాళ్లూ తీసుకున్నవాళ్లూ ఒకరే అయినప్పుడు బాకీ ఎగ్గొట్టడమంటే సొంత జేబు కత్తిరించుకోవడమే.

మన దగ్గర సహకార సంఘం అనగానే చాలామందికి గుర్తొచ్చేది మూతపడ్డ గోదాము. కారణం చట్టంలోనే కొంత ఉంది. 1964 నాటి సహకార చట్టం ప్రకారం ప్రభుత్వం సంఘాల్లో వాటా పెట్టొచ్చు, ఎన్నికైన పాలకవర్గాన్ని రద్దు చేసి అధికారిని కూర్చోబెట్టొచ్చు. సొమ్ము ఎవరిదో మాటా వాళ్లదే. దీని మీద హైదరాబాదులోని సహవికాస సంస్థ ఏళ్లపాటు పోట్లాడింది. చివరికి 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. అదే ఏడాది మాంచెస్టర్‌లో అంతర్జాతీయ సహకార కూటమి తన ఏడు సూత్రాలను ప్రకటించింది. మన చట్టం కూడా సహకార సూత్రాలను తనలోనే రాసుకుంది.

అయితే నాకు నచ్చింది ఆ సూత్రాల కన్నా వాటి కిందున్న నిబంధనలు. ప్రభుత్వ వాటాధనం తీసుకోకూడదు. ఓటు కావాలంటే సభ్యులు ఏడాదికి సంఘం సేవలు కనీసం ఎంత వాడుకోవాలో, సమావేశాలకు ఎంత హాజరు కావాలో బైలాలోనే రాసుకోవాలి. మిగులు ఎట్లా పంచుకోవాలో చెప్పినట్టే లోటు ఎవరు మోయాలో కూడా చెప్పాలి. గడువులోగా సర్వసభ్య సమావేశం జరపకపోతే డైరెక్టర్ల పదవికే ఎసరు. స్లైడ్ మీది ‘ఓనర్‌షిప్’ అంటే వారాంతంలో కూడా ఫోన్ ఎత్తడం. ఇక్కడ ఓనర్‌షిప్ అంటే లోటులో వాటా, లెక్క అడిగే హక్కు. ఈ రెండూ లేకుండా బాధ్యత ఒక్కటే ఇస్తే దాన్ని మా తాతల భాషలో ఏమంటారో చెప్పక్కర్లేదు.

ములుకనూరు కథలో వెలితి లేకపోలేదు. పంట రుణం భూమి ఎవరి పేరున ఉంటే వాళ్లకి. భూమి ఎక్కువగా మగవాళ్ల పేరునే ఉంటుంది. బర్రెకు గడ్డి వేసి, పాలు పిండే ఆడవాళ్లు ఈ లెక్కలోకి రాలేదు. ఆ వెలితిని కొంతైనా పూడ్చింది 2000లో మొదలైన ములుకనూరు మహిళా డెయిరీ. సహవికాస, పాత సంఘం తోడు నిలిచాయి. ఊరూరా మహిళా పాల సంఘాలు, వాటన్నిటికీ కలిపి డెయిరీ, పాల ప్యాకెట్ మీద ‘స్వకృషి’ అన్న పేరు. పాలు పోసేవాళ్లే సభ్యులు, సభ్యులే యజమానులు.

సహకారం అనే పేరుంటే చాలదని హైదరాబాదు ఆ వెంటనే చూసింది. 2001లో కృషి సహకార బ్యాంకు మూతపడి డిపాజిటర్లు వీధిన పడ్డారు. పెద్ద పేర్లున్నా చాలదని ఇంకొన్నేళ్లకు చూసింది. 2008లో కార్పొరేట్ గవర్నెన్స్‌కి గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకున్న సత్యం కంపెనీ బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్ ఉన్నాడు. ఆ డిసెంబరులో చైర్మన్ కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థల కొనుగోలుకు ఆ బోర్డు సరేనంది. ఇన్వెస్టర్లు గోల చేశాకే వెనక్కి తగ్గారు. 2009 జనవరి 7న రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చింది: పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవు. వేలమంది ఇంజనీర్లకు ఆ రోజు పట్టింది అచ్చమైన బుగులు. వాళ్లలో ఎవరూ అడగలేదని కాదు, అడిగే చోటే లేదు.

విలువలు మంచివాళ్ల మనసుల్లో ఉంటాయని అనుకోవడం మనకు అలవాటు. ములుకనూరు అనుభవం చెప్పేది వేరు. మంచివాళ్లు పోయాక కూడా మిగలాలంటే విలువ నిబంధనగా మారాలి, అది ముందుగా పైవాడి చేతుల్నే కట్టాలి. విశ్వనాథరెడ్డి తర్వాత కూడా సంఘం నడుస్తోంది. కాబట్టి ఈసారి కొత్త కంపెనీలో చేరినప్పుడు గోడ మీది మాటలు చదవడంతో ఆగకుండా ఒకటి అడిగి చూడండి: ఈ మాట తప్పితే ఇక్కడ ఎవరి పదవి పోతుంది?