ఆగడం నేర్చిన నిప్పు

ఇంటి ఈతకొలనులో నీటిని వెచ్చబరిచే హీటరు మాటిమాటికీ ఆగిపోతే దానిని యంత్రలోపంగా భావించడం సహజమే అయినా, ఆ యంత్రం పుట్టుపూర్వోత్తరాలను పరిశీలిస్తే, అవసరమైనప్పుడు ఆగడమనే గుణాన్ని దానికి అలవరచడానికే ఎక్కువ శ్రమ పట్టిందని తెలుస్తుంది.

క్రీ.పూ. 1వ శతాబ్దపు రోమన్ వాస్తుకారుడు విట్రూవియస్, స్నానశాల కొలిమిపై అమర్చే మూడు కంచు పాత్రలను వర్ణించాడు. వేడినీటి పాత్ర నుంచి ఎంత నీరు వెళితే అంత గోరువెచ్చని నీరు దానిలోకీ, అంతే చన్నీరు గోరువెచ్చని పాత్రలోకీ దిగేవి. పాంపేలోని స్టేబియన్ స్నానశాలలో తొట్టిని ఆనుకొని, కొలిమి మీదుగా ‘టెస్టూడో’ (తాబేలు) అనే లోహపాత్ర ఉండేది. వేడెక్కి తేలికైన నీరు పైనుంచి తొట్టిలోకి, చల్లారిన నీరు అడుగునుంచి పాత్రలోకి చేరుతూ, ఏ పంపూ లేకుండానే ప్రసరణ సాగేది. పలుచని కంచు గొట్టాన్ని మంట చుట్టూ తిప్పి, నీరు ఒకే మంటను పలుమార్లు చుట్టివచ్చేలా చేసే ‘డ్రాకో’ (సర్పం) అనే సాధనాన్ని రోమన్ తత్త్వవేత్త సెనెకా ప్రస్తావించాడు. మంట వేడిని గొట్టపు గోడ ద్వారా నీటికి అందించే నేటి ఉష్ణ వినిమాయకానికి ఇది పూర్వరూపమే. తెలుగువారి పెరళ్లలో ఒకప్పుడు కనిపించిన రాగి బాయిలరు ఇదే సూత్రాన్ని తిరగవేసింది: నిప్పు నడిమి గొట్టంలో, నీరు దాని చుట్టూ. అయితే రోమ్‌లో మంటను కనిపెట్టుకొని ఉండేది ‘ఫోర్నకాటర్’ అనే కొలిమి పనివాడు. తరువాతి చరిత్రంతా ఒక విధంగా ఆ పనివాడి కన్నూ చెయ్యీ లోహపు ముక్కల్లోకి మారిన కథ.

లండన్‌కు చెందిన బెంజమిన్ మాన్ 1868లో రూపొందించిన గ్యాసు హీటరుకు, ఐస్‌లాండ్‌లోని వేడినీటి ఊట పేరు మీదుగా ‘గీజర్’ అని పేరు వచ్చింది. తెలుగు ఇళ్లలో నేడు వినిపించే మాట అదే. ఆ పరికరానికి పొగగొట్టం లేకపోవడంతో అది ఇంట్లో వాడదగినంత సురక్షితంగా ఉండేది కాదు. అమెరికాలోని ఆష్‌విల్ వద్ద 1895లో ప్రారంభమైన బిల్ట్‌మోర్ భవనంలో 70,000 గ్యాలన్ల, అంటే సుమారు 2,65,000 లీటర్ల, వెచ్చని ఈతకొలను ఉండేది గాని, వడపోత లేనందున నీరు మురికిపడినప్పుడల్లా కొలనును ఖాళీచేసి మళ్లీ నింపవలసి వచ్చేది. అంతటి నీటిని కాచి పారబోయడం కుబేరులకే చెల్లింది. మధ్యతరగతి ఇళ్లకు ఈతకొలను చేరడానికి, నీటిని తిప్పి తిప్పి శుభ్రపరిచే పంపూ ఫిల్టరూ తోడు కావలసి వచ్చింది. హీటరును ఆ ప్రవాహమార్గంలోనే అమర్చడంతో దాని మనుగడ ఫిల్టరు శుభ్రతతో ముడిపడింది.

కొలిమివాడి పనులను పంచుకున్న పరికరాలు వేర్వేరు కాలాలవి. వేడికి అసమానంగా వ్యాకోచించే రెండు లోహాల పట్టీతో పనిచేసే నియంత్రకానికి స్కాట్లాండ్ రసాయన శాస్త్రవేత్త ఆండ్రూ యూర్ 1830లో పేటెంటు పొంది ‘థర్మోస్టాట్’ అని పేరుపెట్టాడు. రెండు భిన్నలోహాల సంధిని వేడిచేస్తే విద్యుత్తు పుడుతుందనడానికి ఆధారం భౌతిక శాస్త్రవేత్త సీబెక్ 1821లో గమనించిన ప్రభావం. ఎప్పుడూ వెలిగే చిన్న పైలట్ మంట వేడితో పుట్టే ఆ స్వల్ప విద్యుత్తే గ్యాసు కవాటాన్ని తెరిచి ఉంచుతుంది, మంట ఆరితే కవాటం మూసుకుంటుంది. తగినంత నీరు ప్రవహించకపోతే ప్రెషర్ స్విచ్, వినిమాయకంలో నీరు హద్దుమీరి వేడెక్కితే హై లిమిట్ స్విచ్ మంటను ఆపుతాయి.

ఈ జాగ్రత్తలు ఎందుకో తెలియాలంటే మంట పరిమాణాన్ని గమనించాలి. గంటకు 4,00,000 బీటీయూల హీటరు సుమారు 117 కిలోవాట్ల శక్తిని వాడుతుంది. అది 2 కిలోవాట్ల గీజరుకు దాదాపు 58 రెట్లు. ప్రవాహం మందగించిన గొట్టంలో అంత వేడి నిలిస్తే నీరు అక్కడికక్కడే మరుగుతుంది.

ఇంధన పొదుపు చట్టాలు ఈ యంత్రాన్ని మరింత మార్చాయి. అమెరికాలో గ్యాసు హీటర్ల కనీస సామర్థ్యాన్ని 1990 నుంచి 78 శాతంగా, 2013 నుంచి 82 శాతంగా నిర్ణయించారు. నిత్యం వెలిగే పైలట్ స్థానంలో విద్యుత్ నిప్పురవ్వ రాగా, మంట ఉనికిని పరీక్షించే బాధ్యత ఎలక్ట్రానిక్ పలకకు చేరింది.

ఇన్ని కాపలాలున్న హీటరు మాటిమాటికీ ఆగుతుంటే, కారణాన్ని వెదికే నిపుణుడు సాధారణంగా నీటితోనే మొదలుపెడతాడు. మురికి ఫిల్టరు, ఆకులతో నిండిన పంపు బుట్ట, సగం మూసిన కవాటం, కొలనులో తగ్గిన నీటిమట్టం: వీటిలో ఏదైనా ప్రెషర్ స్విచ్‌ను తెరిపించగలదు. కఠినజలం వల్ల గొట్టాల లోపల సున్నపు పొర పేరుకుంటే, వేడి నీటికి సరిగా అందక గొట్టం కాగి హై లిమిట్ స్విచ్ తెగవచ్చు. హీటరును కొలను మట్టానికి బాగా దిగువన అమర్చినచోట చిక్కు తిరగబడుతుంది. పంపు ఆగినా నిలువనీటి బరువే స్విచ్‌ను నొక్కి ఉంచుతుంది గనుక, దానిని ఆ ఎత్తుకు తగినట్లు సరిచేయకపోతే ఆగవలసిన మంట ఆగదు. మాటిమాటికీ ఆగే హీటరు కన్నా భయపడవలసింది ఈ రెండోదానికే, కానీ ఇంటివారు ఫిర్యాదు చేసేది మాత్రం మొదటిదాని గురించే.