కథానాయకుని గొంతు ఎవరిది?

రేడియో నాటకమున పాత్రలకు ముఖములు లేవు. గొంతు మేము వినిపింతుము. ముఖమును శ్రోతయే ఇంట కూర్చుండి కల్పించుకొనును. వీడియో ఆటలలో, ఆడువాడు తానే ఒక పాత్రయై కథ నడుపు శాఖయందు, దీనికి సరిగా వ్యతిరేకమైన పద్ధతి చిరకాలము సాగినది. అక్కడ నాయకుని రూపము తెరపై కదలును. గొంతును ఆడువాడు తన మనస్సులో సమకూర్చుకొనవలెను.

1986లో జపానునందు యూజీ హోరీ రూపొందించిన ‘డ్రాగన్ క్వెస్ట్’ను చూడుడు. ఆట మొత్తము 64 కిలోబైట్లలో ఇమిడినది. రాజు, వర్తకులు, ఊరివారు అక్షరములలో మాటలాడుదురు. నాయకుడు పెదవి విప్పడు. ఇది పేదరికము తెచ్చిన మౌనమని తోచును గాని, అది సగమే నిజము. నాయకునికి పేరు పెట్టువాడు ఆడువాడే, ఆ నాయకుడు తానే. 2019లో పదునొకండవ ఆటకు జపాను నటుల గొంతులు చేర్చినప్పుడు సైతము, చుట్టునున్నవారెల్ల పలికిరి; నాయకుడు మాత్రము పలుకలేదు.

ఇంతలో ఇతరులు వేరు దారి పట్టిరి. 2001లో ‘ఫైనల్ ఫాంటసీ 10’ నాయకుడు టీడస్ గొంతెత్తెను. 2007లో కెనడాకు చెందిన బయోవేర్ సంస్థ ‘మాస్ ఎఫెక్ట్’ను వెలువరించినది. సైన్యాధికారి షెపర్డ్‌ను పురుషునిగా ఎన్నుకొన్న మార్క్ మీర్, స్త్రీగా ఎన్నుకొన్న జెన్నిఫర్ హేల్ పలుకుదురు. ఇందొక వినోదము కలదు. ఆడువాడు తనకిష్టమైన పేరు పెట్టుకొనవచ్చును. ఆ పేరుతో పిలుచువారు ఒక్కరును లేరు! అందరును షెపర్డ్ అనియే పిలుతురు. ముందుగా రికార్డు చేసిన గొంతు తెలియని పేరును పలుకజాలదు గదా.

అసలు చిక్కు 2015లో ‘ఫాలౌట్ 4’తో బయటపడినది. అంతకుముందు 2008 నాటి ‘ఫాలౌట్ 3’ నాయకుడు మౌని. కొత్త ఆటలో బ్రయన్ డెలానీ, కోర్ట్‌నే టేలర్ ఒక్కొక్కరు సుమారు 13,000 వాక్యములు పలికిరి. కాడ్స్‌వర్త్ అను యంత్రభృత్యునిచేత తొమ్మిదివందలకు పైగా పేర్లను రికార్డు చేయించిరి. స్టూడియోలో బ్రతుకువారము గనుక ఆ శ్రమ మాకు తెలియును: ఒక్క మాట మార్చవలెనన్నను నటుని మరల పిలువవలెను. ప్రతి వాక్యమును ఇద్దరిచేత పలికింపవలసి వచ్చినచో, సమాధానములు కుదించుకొనక తప్పదు. ఈ ఆటలో అవి నాలుగింటికి మించవు. అవియును రెండు మూడు మాటల సూచనలు. సూచన చూచి ఒకటి ఎన్నుకొనగా, నాయకుడు మరొక ధోరణిలో పలుకును. ఇది సహింపక కొందరు ఔత్సాహికులు పూర్తి వాక్యములను చూపు సవరణను తామే తయారుచేసిరి.

మా అభిప్రాయమున, షెపర్డ్ ముందే ఒక వ్యక్తి గనుక గొంతు అతికినది. దొంగయో ధర్మాత్ముడో ఆడువాడు నిర్ణయించు ఫాలౌట్‌లో ఒకే గొంతు ఇరుకైనది. తయారుచేసినవారును గ్రహించిరి కాబోలు, 2023లో వారి ‘స్టార్‌ఫీల్డ్’ నాయకుడు మరల మౌనము వహించెను. ఆ యేడే వచ్చిన ‘బాల్డర్స్ గేట్ 3’లోను సంభాషణములందు అందరును పలుకుదురు, ఆడువాని సమాధానము తెరపై అక్షరములుగనే నిలుచును.

అయినను మౌనమునకు కష్టకాలము రానేవచ్చినది. చిత్రములు నిజమువలె కనిపించుకొలది, ఊరక నిలుచుండు నాయకుడు తెలివిమాలినవానివలె అగపడునని 2024లో అన్నవాడు మరెవ్వరో కాదు, యూజీ హోరీయే.