యుద్ధమునకు తోడ్పడమన్నవారు

నిర్బంధ సైనికసేవకు మనస్సాక్షి అంగీకరించదని నిరాకరించుట పాశ్చాత్య దేశములలో చిరకాలపు సమస్య. ఇంగ్లండులో 1916వ సంవత్సరపు చట్టము వచ్చినప్పుడు సుమారు 16,000 మంది ఇట్టి అభ్యంతరము తెలిపిరి. కొందరు క్షతగాత్రుల సేవకు ఒప్పుకొనిరి. కొందరు చెరసాలకే పోయిరి. మన గ్రామీణులకు అట్టి చట్టము లేదు. రెండవ ప్రపంచయుద్ధములో దాదాపు 25 లక్షలకు పెరిగిన భారతసైన్యము స్వయముగా చేరినవారితో ఏర్పడినదే. మరి బలవంతము లేని కోనసీమ రైతునకు ఈ మనస్సాక్షి ప్రశ్న ఎట్లు ఎదురయ్యెను?

1939 సెప్టెంబరు 3వ తేదీన వైస్రాయి ప్రజాప్రతినిధులను సంప్రదింపకయే భారతదేశమును యుద్ధములో దింపెను. సైన్యములో చేరనివాని ఇంటికిని యుద్ధనిధుల చందాగా, ధరల పెరుగుదలగా యుద్ధము వచ్చెను. తుపాకి పట్టకపోయినను ధనమిచ్చినవాడు యుద్ధమున భాగస్వామియే కదా అనునది గాంధీజీ తర్కము. 1918లో ఖేడా జిల్లాలో సైన్యమునకు మనుష్యులను చేర్పింప యత్నించినవారు ఆయనే. ఇరువది రెండేండ్లలో ఆయన అభిప్రాయము అంత దూరము నడిచెను.

1940 అక్టోబరు 17వ తేదీన పౌనారులో వినోబా భావే వ్యక్తి సత్యాగ్రహమును ప్రారంభించిరి. మనుష్యులతో గాని ధనముతో గాని యుద్ధమునకు తోడ్పడుట తప్పు, అహింసతో యుద్ధమును ఎదిరించుటే ఒప్పు అని బహిరంగముగా పలుకుటయే అందలి కార్యక్రమము. గుంపులు లేవు, సమ్మెలు లేవు. అనుమతి పొందినవాడు తన మాట ఎప్పుడు, ఎక్కడ చెప్పునో ముందుగా జిల్లా మేజిస్ట్రేటునకు తెలుపవలెను. నేడు అమలాపురము జిల్లా కేంద్రమే గాని, నాడు కలెక్టరు గౌతమి కావల కాకినాడలో ఉండెడివాడు. అమలాపురమునగాని, రాజోలునగాని, కొత్తపేటనగాని ఈ వ్రతము పట్టదలచినవాడు తన నిర్బంధమునకు తానే అక్కడికి కబురు పంపుకొనవలసినదే. పట్టుకొననిచో ఊరూర అదే మాట చెప్పుచు ఢిల్లీ దారి పట్టవలెను. ఆంధ్ర నాయకులలో ప్రకాశం పంతులుగారు ఈ సత్యాగ్రహము చేసిరి. 1941 నడిమికి దేశములో ఇరువదివేలకు పైగా శిక్షలు పొందిరి.

అయితే అందరి మనస్సాక్షియు ఒకటి కాదు. గాంధీజీకి ఏ యుద్ధమైనను పాపమే. కాంగ్రెసులో పెక్కుమందికి మాత్రము పరాధీన దేశమును యుద్ధమునకు ఈడ్చుటయే అన్యాయము. స్వాతంత్ర్యమిచ్చినచో సహకరింతుమని 1940 జూలైలోనే కాంగ్రెసు పలికెను.

ఈ భేదము మన తీరమున పరీక్షకు వచ్చెను. 1942లో బర్మానుండి మన తీరపు కూలీలు, ఉద్యోగులు సర్వము విడిచి తిరిగివచ్చిరి. ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపై, కాకినాడపై బాంబులు వేసెను. కోనసీమవారికి అది పొరుగూరి కీడు. ఆగస్టు 8వ తేదీ క్విట్ ఇండియా తీర్మానము స్వతంత్ర భారతము సాయుధబలముతోను, అహింసాబలముతోను దురాక్రమణను ఎదుర్కొనునని ప్రకటించెను. గాంధీజీ దానికి సమ్మతించిరి.

స్వతంత్ర భారతము నిర్బంధ సైనికసేవను విధింపలేదు. ప్రజాప్రయోజనమునకై నిర్బంధసేవ విధించు అధికారమును మాత్రము రాజ్యాంగపు 23వ అధికరణము ప్రభుత్వమునకు ఇచ్చినది. 1987లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల సంఘము మనస్సాక్షి నిరాకరణను గుర్తింపవలెనని దేశములను కోరినది. గోదావరి జిల్లాలనుండి సైన్యమునకు పోయినవారిని మనము గౌరవింతుము. పేరు చెప్పి, వేళ చెప్పి, నిరాయుధుడై నిర్బంధమునకు ఎదురేగినవానిని కూడ ఆ సరసనే స్మరించుట న్యాయమని మేము తలచుచున్నాము.