న్యాయస్థానం వేదికగా: తెలుగునాట భావప్రకటన స్వేచ్ఛ, ప్రభుత్వ పారదర్శకతల కోసం సాగిన వ్యూహాత్మక వ్యాజ్యాలు (1950–2024)

వ్యాససంగ్రహం:
భావప్రకటన స్వేచ్ఛ చరిత్రను పత్రికల చరిత్రగానో, నిషిద్ధ సాహిత్య చరిత్రగానో చూడటం తెలుగు పరిశోధనలో పరిపాటి. అదే చరిత్రను న్యాయస్థానాల వైపు నుంచి పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. ఉమ్మడి మద్రాసు రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు సంబంధించిన కొన్ని వ్యాజ్యాలను కాలక్రమంలో పరిశీలించి, అవి ఏం సాధించాయో, ఏ ప్రశ్నలను తేల్చకుండా వదిలాయో ఇందులో చర్చించాను. ఈ వ్యాజ్యాలు అధికారాన్ని సకాలంలో నిలువరించగలిగాయి గానీ, సూత్రాన్ని శాశ్వతంగా స్థిరపరచిన సందర్భాలు తక్కువేనన్నది నా ప్రతిపాదన.

కీలక పదాలు: వ్యూహాత్మక వ్యాజ్యం, భావప్రకటన స్వేచ్ఛ, సభాహక్కులు, పరువునష్టం, సమాచార హక్కు, ప్రభుత్వ ఉత్తర్వులు.

1. ఉపోద్ఘాతం:
వ్యాజ్యం అనగానే ఆస్తి తగాదా, వాయిదాల మీద వాయిదాలు, ప్లీడరు ఫీజు మన మనసులో మెదులుతాయి. 'కోర్టుకెక్కడం' అనే పలుకుబడిలోనే ఒక భయం, ఒక నిష్ఠూరం ధ్వనిస్తాయి. అయితే తన ఒక్కడి నష్టం కోసం కాక, తనలాంటి వారందరికీ వర్తించే ఒక సూత్రాన్ని చెప్పించడం కోసం కోర్టుకెక్కేవారూ ఉన్నారు. అటువంటి దానిని ఈ వ్యాసంలో 'వ్యూహాత్మక వ్యాజ్యం' అంటున్నాను. దీనికి మూడు లక్షణాలు చెప్పుకోవచ్చు. ఒకటి, ఫలితం వాది ప్రతివాదులను దాటి సమాజానికి అందాలన్న లక్ష్యం ఉండటం. రెండు, ఏ న్యాయస్థానానికి, ఏ అధికరణం కింద, ఎప్పుడు వెళ్లాలన్నది ఆలోచించి ఎంచుకోవడం. మూడు, తీర్పుతో పాటు విచారణను కూడా బహిరంగ చర్చకు సాధనంగా మలచుకోవడం.

ఇదే ఆయుధానికి రెండో అంచు కూడా ఉంది. విమర్శకుని నోరు మూయించడానికి, గెలుపుతో నిమిత్తం లేకుండా ఖర్చుతోనూ కాలహరణంతోనూ అలసిపోయేట్టు చేసే దావాలు ప్రపంచమంతటా ఉన్నాయి. కాబట్టి న్యాయస్థానాన్ని స్వేచ్ఛకు సహజ మిత్రంగా భావించి ఈ చరిత్రను రాయలేం. ఎవరి చేతిలో ఏ అంచు ఉందన్నది ప్రతి సందర్భంలోనూ చూడవలసిందే.

2. వలసపాలన నేపథ్యం:
1874లో వీరేశలింగం ప్రారంభించిన 'వివేకవర్ధని' ఉద్యోగుల లంచగొండితనాన్ని బయటపెట్టి తెలుగు పత్రికకు ప్రభుత్వ యంత్రాంగాన్ని నిలదీసే పనిని అలవాటు చేసింది. ఆ పని ఎంత ప్రమాదకరమో 1908లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు అనుభవం చెబుతుంది. బెజవాడ నుంచి వెలువడిన 'స్వరాజ్య' పత్రికలో తిరునెల్వేలి కాల్పులను ఖండించిన రచనకు ఆయనపై రాజద్రోహ నేరం మోపారు. కింది కోర్టు విధించిన శిక్షను హైకోర్టు మూడేళ్లకు పెంచింది. అప్పీలు వల్ల శిక్ష పెరిగిన ఈ ఉదంతం గమనించదగినది. పౌరుడు ప్రాథమిక హక్కును చూపి చట్టాన్నే ప్రశ్నించే మార్గం ఆనాడు లేదు. న్యాయస్థానంలో రచయిత స్థానం ముద్దాయి బోను మాత్రమే. ఆ స్థానం పిటిషనరు స్థానంగా మారడానికి 1950 జనవరి 26 దాకా ఆగవలసి వచ్చింది.

3. మద్రాసు రాష్ట్రం – తొలి రెండు వ్యాజ్యాలు:
రాజ్యాంగం అమలులోకి వచ్చేనాటికి నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో భాగం. కమ్యూనిస్టు ఉద్యమాన్ని అణచే క్రమంలో మద్రాసు ప్రభుత్వం 1949లో ప్రజాశాంతి పరిరక్షణ చట్టం చేసింది. దాని కింద బొంబాయి వారపత్రిక 'క్రాస్ రోడ్స్' రాష్ట్రంలోకి రాకుండా నిషేధించింది. పత్రిక సంపాదకుడు రమేశ్ థాపర్ హైకోర్టుకు వెళ్లకుండా 32వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టును ఆశ్రయించారు. 1950 మే 26న న్యాయస్థానం ఆ నిషేధాన్ని కొట్టివేసింది. ముద్రించే స్వేచ్ఛలో పంపిణీ చేసే స్వేచ్ఛ కూడా ఇమిడి ఉందని, 'ప్రజాభద్రత' అనే విశాలమైన మాట రాజ్య భద్రతతో సమానం కాదని చెప్పింది. పత్రిక బొంబాయిదైనా, నిషేధం మద్రాసు రాష్ట్రంలోని తెలుగు పాఠకుడికీ వర్తించింది. కనుక ఈ తీర్పు తెలుగు జిల్లాల చరిత్రలోనూ భాగమే.

ప్రభుత్వ ప్రతిస్పందన వెంటనే వచ్చింది. 1951 జూన్‌లో తొలి రాజ్యాంగ సవరణ ద్వారా 19(2)లో 'శాంతిభద్రతలు', 'నేరానికి ప్రేరేపణ' వంటి కారణాలు చేరాయి. గెలిచిన వ్యాజ్యమే రాజ్యాంగ సవరణకు ఒక కారణమైంది. అయితే అదే సవరణ ఆంక్షలకు ముందు 'సహేతుకమైన' అనే విశేషణాన్ని కూడా చేర్చింది. ఆ ఒక్క మాట వల్ల ఆంక్ష హేతుబద్ధమా కాదా అని పరిశీలించే అధికారం న్యాయస్థానానికి దక్కింది.

ఆ పరిశీలన ఎలా జరగాలో మరో మద్రాసు వ్యాజ్యం చెప్పింది. పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీని మద్రాసు ప్రభుత్వం చట్టవిరుద్ధ సంస్థగా ప్రకటించింది. సొసైటీ ప్రధాన కార్యదర్శి, న్యాయవాది అయిన వి.జి. రావు దానిని సవాలు చేశారు. 1952 మార్చి 31న సుప్రీంకోర్టు ఆయనకు అనుకూలంగా తీర్పిచ్చింది. హక్కు స్వభావం, ఆంక్ష ఉద్దేశం, అరికట్టదలచిన కీడు తీవ్రత, ఆంక్ష దానికి తగిన పాళ్లలో ఉందా లేదా, నాటి పరిస్థితులు — వీటన్నిటినీ తూచాలని చెప్పింది. సంఘస్థాపన స్వేచ్ఛ గురించి చెప్పినదైనా ఆ తూకమే తరువాత భావప్రకటన స్వేచ్ఛకూ ప్రమాణమైంది. ఒక తలుపు మూసుకున్నప్పుడు మిగిలిన సందులోంచి ప్రమాణాన్ని రాబట్టడం ఈ తొలి దశలో కనిపించే వ్యూహం.

4. 'పెద్దల గలభా' – శాసనమండలి, పత్రిక, సుప్రీంకోర్టు:
1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో పుట్టిన 'ఈనాడు' పదేళ్లు నిండకుండానే ఒక రాజ్యాంగ వివాదానికి కేంద్రమైంది. 1983 మార్చిలో శాసనమండలిలో జరిగిన గందరగోళాన్ని ఆ పత్రిక 'పెద్దల గలభా' అనే శీర్షికతో ప్రచురించింది. 'పెద్దల సభ' అనే వాడుక మాటను ఒక్క పదం మార్చి చేసిన శీర్షిక అది. వార్తలోని విషయం కన్నా ఆ ఒక్క పదం సభకు ఎక్కువ గుచ్చుకుంది. దానిని సభాహక్కుల ఉల్లంఘనగా పరిగణించి, సంపాదకుడు రామోజీరావును సభకు పిలిపించి మందలించాలని మండలి నిర్ణయించింది. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లి అరెస్టు చేయరాదంటూ ఉత్తర్వు పొందారు. 1984 మార్చిలో ఆయనను హాజరుపరచమని సభ పోలీసు కమిషనరును ఆదేశించింది. ఒకవైపు సభ ఆదేశం, మరొకవైపు సర్వోన్నత న్యాయస్థానం ఉత్తర్వు. చివరకు ప్రభుత్వ సలహాపై సభను ప్రొరోగ్ చేయడంతో ప్రతిష్టంభన తొలగింది.

ఈ ఘటన తీవ్రత తెలియాలంటే దాని వెనుకనున్న న్యాయచరిత్ర తెలియాలి. 1952లో గుణుపాటి కేశవరామరెడ్డి పిటిషనుపై, ఉత్తరప్రదేశ్ శాసనసభ నిర్బంధించిన 'బ్లిట్జ్' పత్రికకు చెందిన హోమీ మిస్త్రీని సుప్రీంకోర్టు విడిపించింది. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచకపోవడమే అందుకు ఆధారం. 1958 డిసెంబరులో 'సర్చ్‌లైట్' కేసులో మాత్రం, సభాహక్కులకూ 19(1)(ఎ)కూ వైరుధ్యం వస్తే సభాహక్కులదే పైచేయి అని చెప్పింది. ఆ ప్రకారం చూస్తే 1984లో పత్రిక న్యాయపరంగా బలహీన స్థితిలోనే ఉంది. 1978 నాటి 44వ సవరణ చేర్చిన 361-ఎ అధికరణం సభా వ్యవహారాల యథార్థ నివేదికకు రక్షణ ఇచ్చినా, అది సివిల్, క్రిమినల్ ప్రొసీడింగులకు సంబంధించినది. శీర్షికలోని వ్యంగ్యం యథార్థ నివేదిక అవుతుందా అన్నది వేరే ప్రశ్న.

ఈ ప్రశ్నలు తుది తీర్పు దాకా వెళ్లనే లేదు. 1985 జూన్ 1న శాసనమండలే రద్దయింది. 2007లో అది తిరిగి ఏర్పడింది. సభాహక్కులను క్రోడీకరించే చట్టం మాత్రం రాలేదు. అందుచేత 'పెద్దల గలభా' కేసును పత్రికా స్వేచ్ఛకు దక్కిన విజయంగా మాత్రమే చెప్పుకోవడం అసమగ్రం. ఒక సంపాదకుడికి రక్షణ దక్కింది. సూత్రం మాత్రం ఎక్కడి గొంగళి అక్కడే ఉండిపోయింది.

5. పరువు, రాజద్రోహం:
1994 అక్టోబరు 7న ఆర్. రాజగోపాల్ కేసులో తీర్పు రాసిన న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డి తెలుగువారు. తమిళ పత్రిక 'నక్కీరన్' వేసిన ఆ కేసులో రెండు ముఖ్యమైన సూత్రాలు వెలువడ్డాయి. ప్రచురణకు ముందే దానిని ఆపే అధికారం ప్రభుత్వానికి గానీ అధికారులకు గానీ లేదు. ప్రభుత్వం, స్థానిక సంస్థలు తమ పరువు పోయిందంటూ నష్టపరిహార దావా వేయజాలవు.

అయితే ఈ సూత్రం సివిల్ దావాలకే పరిమితం. పబ్లిక్ సర్వెంట్ల విషయంలో ప్రభుత్వ అనుమతితో పబ్లిక్ ప్రాసిక్యూటరు ద్వారా క్రిమినల్ ఫిర్యాదు చేసే మార్గం శిక్షాస్మృతుల్లో మిగిలే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఫిబ్రవరి నాటి జీవో 938 ఆ దారినే తెరిచింది. నిరసనలతో అది నిలిచిపోయింది. 2019 అక్టోబరు 30న వచ్చిన జీవో 2430 ఆ అధికారాన్ని శాఖల కార్యదర్శులకు విస్తరించింది. రెండు జీవోల కాలంలో ప్రభుత్వాలు వేరు, ముఖ్యమంత్రులు వేరు. పత్రికలపై కేసు పెట్టే ఆలోచన మాత్రం ఒకటే. 2016లో సుబ్రమణ్యస్వామి కేసులో క్రిమినల్ పరువునష్టం చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పాక ఆ దారి మరింత సుగమమైంది.

రాజద్రోహం విషయంలో తెలుగు చానళ్ల వ్యాజ్యం ఒక మలుపు. 2021 మేలో ఆంధ్రప్రదేశ్ సీఐడీ నమోదు చేసిన కేసుపై టీవీ5, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి సుప్రీంకోర్టుకు వెళ్లాయి. మే 31న న్యాయస్థానం వాటిపై కఠిన చర్యలను నిలిపివేసి, ముఖ్యంగా ప్రసార మాధ్యమాల విషయంలో రాజద్రోహ నిబంధన పరిధిని నిర్వచించవలసి ఉందని అభిప్రాయపడింది. 2022 మే 11న వొంబట్కెరే కేసులో 124-ఎ అమలునే నిలిపివేసింది. గాడిచర్లను జైలుకు పంపిన నిబంధన అది. దాని రాజ్యాంగబద్ధతపై తుది తీర్పు రాకముందే 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అందులోని 152వ సెక్షను పాత ప్రశ్నను కొత్త మాటల్లో మన ముందుంచింది.

6. పారదర్శకత – శాసనం నుంచి జీవో దాకా:
ఎలమంచిలికి సమీపంలోని పంచదార్ల ధర్మలింగేశ్వరాలయంలో ఎలమంచిలి చాళుక్యుల స్తంభశాసనాలు ఉన్నాయి. రాజు ఇచ్చిన దానాన్ని, చేసిన ప్రతిజ్ఞను రాతిపై చెక్కించి జనం తిరిగేచోట నిలపడం నాటి పద్ధతి. చదవగలిగినవారు కొద్దిమందే కావచ్చు. కానీ శాసనం కంటికి కనిపించేచోట ఉండాలన్న భావన మాత్రం అందులో స్పష్టం. 'శాసనం' అన్న మాటే నేడు చట్టానికి పేరు. ఆ మాటలోని బహిరంగత సంగతేమిటన్నది ఈ కాలపు ప్రశ్న.

2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన ఉత్తర్వులను జీవోఐఆర్ వెబ్‌సైటులో పెట్టడం ఆపివేసింది. దానిపై హైకోర్టులో ప్రజాహిత వ్యాజ్యాలు దాఖలయ్యాయి. ఉత్తర్వులను ఈ-గెజిట్‌లో పెడుతున్నామన్నది ప్రభుత్వ వైఖరి. ప్రభుత్వం మారాక 2024 ఆగస్టులో పాత వెబ్‌సైటు మళ్లీ తెరుచుకుంది. అదే 2021 ఆగస్టులో తెలంగాణ హైకోర్టు, దళితబంధు పథకానికి సంబంధించిన పిటిషను సందర్భంగా, జీవోలను 24 గంటల్లోగా వెబ్‌సైటులో ఉంచాలని ఆదేశించింది. తన జీవితాన్ని మార్చే ఉత్తర్వు ఏమిటో తెలియని పౌరుడు దానిని ప్రశంసించనూ లేడు, ప్రశ్నించనూ లేడు. అందుకే 1975లో రాజ్‌నారాయణ్ కేసులో సుప్రీంకోర్టు తెలుసుకునే హక్కును వాక్‌స్వాతంత్ర్యం నుంచే రాబట్టింది.

పౌరహక్కుల ఉద్యమం వేసిన వ్యాజ్యాలను కూడా ఈ కోణంలో చదవాలి. ఎన్‌కౌంటర్‌లో పాల్గొన్న పోలీసుల పేర్లు వెల్లడించే బాధ్యత ప్రభుత్వానికి ఉందా అన్నది ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ముందున్న ప్రశ్నల్లో ఒకటి. 2009 ఫిబ్రవరి 6న ఆ ధర్మాసనం ప్రతి ఎన్‌కౌంటర్ మరణంపైనా కేసు నమోదు చేయాలని, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు కావలసిన విషయమని చెప్పింది. నెల తిరగకముందే సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును నిలిపివేసింది. కన్నబిరాన్, బాలగోపాల్ వంటివారు దశాబ్దాల పాటు కోర్టుల్లో నడిచిన దారికి అది ఒక శిఖరం. స్టే అన్నది ఇరువైపులా కోసే కత్తి అనడానికి కూడా అది నిదర్శనం.

సభల విషయంలో ఫలితం ఇంతకన్నా స్పష్టంగా వచ్చింది. కందుకూరు, గుంటూరు తొక్కిసలాట మరణాల తరువాత రహదారులపై సభలను కట్టడి చేస్తూ 2023 జనవరి 2న వచ్చిన జీవో 1ను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మే 12న కొట్టివేసింది. ప్రాణరక్షణ అన్న ఉద్దేశం మంచిదైనా ఆంక్ష పాళ్లు తప్పరాదన్న 1952 నాటి తూకానికి ఇది కొనసాగింపు.

7. పరిశీలన – ఫలితాలు:
పై వ్యాజ్యాలను కలిపి చూస్తే మూడు విషయాలు తేలుతాయి. మొదటిది, ఎక్కువ సందర్భాల్లో రక్షణ మధ్యంతర ఉత్తర్వు రూపంలో వచ్చింది. 1984, 2021 ఉదంతాల్లో మనిషి, సంస్థ నిలబడ్డాయి. ప్రశ్న మాత్రం తేలలేదు. రెండవది, గెలుపునకు ప్రతిచర్య ఉంటుంది. 1950 తీర్పు తరువాత రాజ్యాంగ సవరణ వచ్చింది. 2022 ఉత్తర్వు తరువాత కొత్త సెక్షను వచ్చింది. మూడవది, ఢిల్లీ దాకా వెళ్లగలిగినవారు సంపాదకులు, చానళ్లు, పార్టీలు, సంఘాలు. మండల కేంద్రంలోని విలేకరికి సుప్రీంకోర్టు తీర్పు ఉన్నంత మాత్రాన రక్షణ అందదు. అతని మీద కేసు నమోదయ్యేది స్థానిక పోలీసు స్టేషనులో. అతను వాయిదాలకు తిరగవలసింది స్థానిక మేజిస్ట్రేటు కోర్టుకు.

ఈ అంతరాన్ని కొంత పూడ్చిన సాధనం 2005 నాటి సమాచార హక్కు చట్టం. ఆంధ్రప్రదేశ్ నిబంధనల ప్రకారం గ్రామస్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై స్థాయిలో 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రాకుంటే మొదటి అప్పీలు, ఆ తరువాత కమిషనుకు రెండో అప్పీలు. తప్పు తేలితే అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున గరిష్ఠంగా 25,000 రూపాయల జరిమానా. ప్లీడరు అవసరం లేని వ్యాజ్యమిది. ఎలమంచిలి వంటి పట్టణంలోని సామాన్యుడు కూడా వేయగలడు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఈ చట్టంలోని 8(1)(జె) నిబంధనను సవరించి, వ్యక్తిగత సమాచారం అన్న మినహాయింపును విస్తరించింది. రాబోయే వ్యూహాత్మక వ్యాజ్యాలకు ఇది ఒక ముఖ్యక్షేత్రం కాగలదు.

8. ముగింపు:
న్యాయస్థానం ఇచ్చే రక్షణ అసంపూర్ణమే. అయినా 1908లో బోనులో నిలబడిన తెలుగు సంపాదకుడికీ, 1984లో ఉత్తర్వు చేతబట్టుకుని నిలబడిన సంపాదకునికీ మధ్య ఉన్న తేడా తక్కువది కాదు. ఆ తేడాను ఎవరో దానమివ్వలేదు. ఒక్కో పిటిషను, ఒక్కో వాదన, ఒక్కో ఉత్తర్వు దానిని పోగుచేశాయి. కింది కోర్టుల రికార్డుల్లో తెలుగు విలేకరులు, రచయితలపై నడిచిన కేసులు ఇంకా పరిశోధకుల దృష్టికి రావలసే ఉన్నాయి. ఆ కాగితాలు చెదలు పట్టకముందే జిల్లాల వారీగా సేకరించి అధ్యయనం చేస్తే, స్వేచ్ఛకు మనవాళ్లు చెల్లించిన అసలు వెల తెలుస్తుంది.